బజ్ బజర్డ్ గద్దా, డేగా, రాబందా?

ప్రశ్న: వుడీ వుడ్‌పెకర్ పాత కార్టూన్లకు తెలుగు ఉపశీర్షికలు రాయాలంటే వుడీతో పేచీ లేదు, వడ్రంగి పిట్ట అంటే సరిపోతుంది. తంటా అంతా పక్క పాత్రలతోనే. బజ్ బజర్డ్‌ని గద్ద అనాలా, డేగ అనాలా? వాలీ వాల్రస్, గాబీ గేటర్, ఆ ఇద్దరు పిల్లలు నాట్‌హెడ్, స్ప్లింటర్ల సంగతేమిటి? పెద్దలు చెప్పగలరు.

నుడికారం: రెండూ కాదండీ, రాబందు. బజర్డ్ అనే మాటకు సముద్రానికి అటొక అర్థం, ఇటొక అర్థం. బ్రిటిష్ వాళ్లకు అది డేగను పోలిన వేటపక్షి. అమెరికాలో జనం వాడుకలో బజర్డ్ అంటే టర్కీ వల్చర్, తల మీద ఈకల్లేని, చచ్చినవాటిని తినే పక్షి. మన చదువుల్లోకి వచ్చింది బ్రిటిష్ ఇంగ్లీషు కాబట్టి చెయ్యి దానంతటదే డేగ అని రాసేస్తుంది. వుడీ కార్టూన్లు తీసిన వాల్టర్ లాంట్జ్ స్టూడియో మాత్రం అమెరికాది.

ఇక కథ చూడండి. బజ్ మొదట కనిపించింది 1948 నాటి ‘వెట్ బ్లాంకెట్ పాలసీ’లో. వుడీ చేత జీవిత బీమా కట్టించి, సొమ్ము తనకే దక్కేలా రాయించుకుని, ఆ తర్వాత వుడీ ప్రాణం తీయడానికి వెంటపడతాడు. (వుడీ పాటకు ఆస్కార్ నామినేషన్ వచ్చింది ఈ చిత్రం వల్లే.) ఒకడి చావు మీద బతికేవాణ్ని తెలుగులో ఏమంటాం? గద్ద కోడిపిల్లను తన్నుకుపోయి మాయమవుతుంది, అది దొంగతనం. డేగ చూపు అంటే మెచ్చుకోలు. రాబందు మాత్రం కాచుకుని కూర్చుంటుంది. శవాల మీద పేలాలు ఏరుకునే రకాలకు మనవాళ్లు పెట్టే పేరు అదే.

డబ్బింగ్‌బల్ల: అర్థానికి ఒప్పుకుంటాను. నోటికి కూడా చూసుకోవాలి. బజ్, బజర్డ్ రెండూ ‘బ’తో మొదలవుతాయి. వాలీ వాల్రస్, గాబీ గేటర్, వుడీ వుడ్‌పెకర్ అన్నీ అదే బాణీ. ఆ అనుప్రాస పోతే పేరు చప్పబడుతుంది. డబ్బింగ్ అయితే ‘రాబందు రంగడు’ లాంటిది పెడితే నిలుస్తుంది. ఉపశీర్షికల్లో మాత్రం పేరు బజ్ అనే ఉంచి, వుడీ తిట్టే చోట ‘ఒరేయ్ రాబందూ’ అనిపిస్తే చాలు. చెవికి ఒక పేరు, కంటికి ఒక పేరు అయితే చూసేవాడు తికమకపడతాడు.

నుడికారం: బాగుంది. వాల్రస్‌ని మాత్రం కదపకండి. తెలుగులో దానికి వాడుక మాట లేదు. సముద్రపు ఏనుగు అంటే అది ఎలిఫెంట్ సీల్ అవుతుంది, నీటిగుర్రం అంటే హిప్పో. కోరలు, మీసాలు తెర మీద కనబడుతూనే ఉన్నాయి కనుక వాల్రస్ అని రాస్తే ఎవరికీ ఇబ్బంది లేదు.

వాలీతో అసలు కష్టం యాస. 1944లో ‘ది బీచ్ నట్’తో వచ్చిన ఈ పాత్ర స్వీడన్ వాళ్ల ఇంగ్లీషు మాట్లాడుతుంది. దీనికి మన ప్రాంతీయ యాస ఏదైనా తగిలిస్తే పెద్ద తప్పు. స్వీడన్ యాస పరాయి భాషవాడి యాస. శ్రీకాకుళం, తెలంగాణ, రాయలసీమ యాసలు తెలుగువాళ్లవే. దెబ్బలు తినే మందబుద్ధికి ఫలానా యాస అని సినిమాలు చేసిన అవమానం చాలు. పరాయివాడు తెలుగు నేర్చుకుంటూ చేసే పొరపాట్లు వాడండి: ‘అమ్మ వచ్చాడు’, ‘నేను వెళ్తాడు’, ళ బదులు ల. వీటిలో రెండు ఎంచుకుని మొదటి నుంచి చివరి దాకా అవే నడపాలి. వాక్యానికో రకం తప్పు పెడితే యాస అనిపించదు, అచ్చుతప్పులు అనుకుంటారు.

చెట్టుకొమ్మ: మరి గాబీ గేటర్? 1960లో ‘సదరన్ ఫ్రైడ్ హాస్పిటాలిటీ’తో వచ్చాడు. జార్జియా, ఫ్లోరిడాల మధ్య ఒకెఫెనోకీ చిత్తడి నేలల వాడు. అమెరికా దక్షిణాది సాగతీత అతనిది. అది పరాయి భాష కాదు, ఆ దేశపు యాసే. అక్కడ మన యాస పెట్టవచ్చు కదా?

నుడికారం: మీ లెక్క సరైనదే, అయినా నాకు మనసొప్పదు. వుడీని వండుకు తినాలని చూసే ఆకలిగొట్టు మొసలి నోట ఒక జిల్లా మాట పెడితే, ఆ జిల్లావాళ్లకు నవ్వు రాదు. దీర్ఘాలు సాగదీసి, మర్యాద ఎక్కువ చేయండి: ‘రండీ బాబూ, కూచోండీ’. ఆ అతిమర్యాదలోనే కుట్ర వినబడాలి. జీవి పేరుకు మొసలి చాలు. ఎలిగేటర్లు మన నదుల్లో లేవు, వాటికి వేరే పేరు పుట్టే అవసరమూ రాలేదు.

డబ్బింగ్‌బల్ల: 1956 నాటి ‘గెట్ లాస్ట్’లో వచ్చిన పిల్లల దగ్గర తెలుగు ఇంకో మెలిక పెడుతుంది. నాట్‌హెడ్ మగపిల్లాడు, స్ప్లింటర్ ఆడపిల్ల. ఇంగ్లీషుకు వుడీ ఉత్త అంకుల్. తెలుగులో మామయ్యా, బాబాయా, పెదనాన్నా అని తేల్చకుండా పిల్లల చేత ఒక్క మాట పలికించలేం. ఇంటిపేరు ఒకటే కనుక బాబాయ్ అని వాదించవచ్చు, కానీ వుడ్‌పెకర్ ఇంటిపేరు కాదు, పక్షి జాతి. అల్లరికి, చనువుకు మామయ్యే నయం.

నాట్‌హెడ్‌కి ‘మొద్దు’ దొరకడం అదృష్టం: కట్టె అనే అర్థమూ ఉంది, బుర్ర తక్కువ అనే అర్థమూ ఉంది. స్ప్లింటర్‌కి పేడు అనే మంచి మాట ఉంది గానీ వద్దు, పైకి పలికితే పేడ అని వినబడుతుంది. ‘పుల్ల’ పెట్టండి. పుల్లలు పెట్టే గుణం ఆ పిల్లకు ఎలాగూ ఉంది.

చెట్టుకొమ్మ: అదే కార్టూన్లలోని మిసెస్ మీనీకి ‘పిసినారమ్మ’ రాసుకున్నాను.

నుడికారం: మళ్లీ అదే ఉచ్చు! మీన్ అంటే పిసినారితనం బ్రిటిష్ వాడుక. అమెరికాలో కటువుగా, దుర్మార్గంగా ఉండటం. ఆమె గయ్యాళి, అలాగే మార్చండి.