అమ్మానాన్నలతో ప్రాగ్‌లో రెండు రోజులు, ఎలా తిరగాలి?

మేం జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉంటాం. గుంటూరు నుంచి అమ్మానాన్న వచ్చారు, ఈ శని, ఆదివారాలు ప్రాగ్ చూపిద్దామనుకుంటున్నా. అమ్మకు మోకాళ్ల నొప్పులు. పాత ఊరంతా రాళ్లు పరిచిన వీధులే కదా, అదే నా టెన్షన్. 22వ నంబరు ట్రామ్‌లో కోట దాకా ఎక్కేసి, మెల్లగా దిగుతూ వల్తావా నది మీది చార్లెస్ వంతెనకు రావచ్చా? దారిలో మెట్లు మరీ ఎక్కువా? 1357లో మొదలుపెట్టిన ఆ వంతెనను జనం లేకుండా, తెల్లవారుజామునే చూడాలని నాన్న పట్టు. పాత ఊరి టౌన్ హాల్ మీదున్న 1410 నాటి గడియారంలో గంట గంటకీ బొమ్మలు కదలడం కూడా చూడాలట! పడవ షికారు ఏ పూట బాగుంటుంది? ఇంకోమాట, అమ్మ గుడ్డు కూడా ముట్టదు. మొదటి రోజుకి పులిహోర కట్టుకెళ్తాం, మరి రెండో రోజుకి? పెద్దవాళ్లను తీసుకెళ్లినవాళ్లు కాస్త చెప్పండి.