జర్మన్ అబ్బాయితో పెళ్లి... ఏ1 చాలా, బీ1 దాకా చదివి వెళ్లాలా?

బెజవాడ_బబ్లీ:
అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, ఫస్ట్ పోస్ట్. మాది విజయవాడ, హైదరాబాద్‌లో టెస్టింగ్ జాబ్. నేను పెళ్లి చేసుకోబోయేది జర్మన్ అబ్బాయిని, స్టుట్‌గార్ట్ దగ్గర రాయిట్లింగెన్ వాళ్లది. ఇంట్లో ఒప్పించడం గురించి రాస్తే అదో డైలీ సీరియల్, వదిలేద్దాం, మొత్తానికి ఒప్పుకున్నారు. స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద ఇక్కడే రిజిస్టర్ చేసుకుని తర్వాత స్పౌస్ వీసాకి వెళ్దామని ప్లాన్, దానికి ఏ1 సర్టిఫికెట్ కావాలంట (జర్మన్ భాషలో మొదటి మెట్టు, తర్వాత ఏ2, ఆ పైన బీ1).

నా డౌట్ ఏంటంటే ఏ1 పాసైపోయి మిగతాది అక్కడికెళ్లి నేర్చుకోవాలా, లేక జాబ్ మానేసి ఇక్కడే బీ1 దాకా చదివి వెళ్లాలా? మేమిద్దరం మాట్లాడుకునేది ఇంగ్లీషే. కానీ వాళ్లమ్మగారికి ఇంగ్లీష్ రాదు. వీడియో కాల్‌లో ఆవిడ గడగడా ఏదో చెప్తారు, నేను నవ్వుతా, ఈయనేమో అంత మాటకీ "నీకు చలి పడుతుందా అంటోంది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. మిగతాదంతా ఏమైనట్టు మరి? మా అమ్మ టెన్షన్ ఇంకోటి, "రేపు గొడవొస్తే ఏ భాషలో పోట్లాడుకుంటారే" అంటుంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

డెర్_డీ_డాస్:
నేను హైదరాబాద్‌లో ఏ1, ఏ2 బ్యాచ్‌లు చెప్తాను కాబట్టి పరీక్ష వరకు చెప్తానమ్మా. బ్లూ కార్డ్ (డిగ్రీ ఉన్న విదేశీ ఉద్యోగులకి ఇచ్చే పర్మిట్) మీద ఉన్న మనవాళ్ల భార్యలకి ఏ1 అక్కర్లేదు, ఆ మాట విని చాలామంది తమకీ అక్కర్లేదనుకుంటారు. మీ ఆయన జర్మన్ సిటిజన్ కాబట్టి మీకు కావాల్సిందే. జర్మన్ నేర్పి పరీక్షలు పెట్టే హైదరాబాద్ గోథె సెంట్రుమ్‌లోనే రాయొచ్చు. వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం నాలుగూ కలిపి 100కి 60 వస్తే పాస్. రాయడంలో ఒక ఫారం నింపాలి, ఒక 30 మాటల చిన్న మెసేజ్ రాయాలి, అంతే.

మనవాళ్లు తడబడేది మాట్లాడే దగ్గర. నీ పేరు స్పెల్లింగ్ చెప్పు అంటారు, ఏదో ఒక నంబర్ చెప్పు అంటారు. వీ అక్షరాన్ని వాళ్లు ఫౌ అంటారు, డబ్ల్యూని వే అంటారు, జేని యోట్ అంటారు, మన ఇంటిపేర్ల సంగతి తెలుసుగా, సగం దూరం వెళ్లాక ఎక్కడున్నామో మర్చిపోతాం. నంబర్లు కూడా తిరగేసి చెప్తారు, 21ని ఒకటీ ఇరవై అన్నట్టు. రోజూ కనిపించిన బండి నంబర్లన్నీ జర్మన్‌లో చదువుకుంటూ ఆఫీసుకి వెళ్లండి, అదే అలవాటైపోతుంది.

నెకార్_ఒడ్డున:
చెల్లీ, నేనూ ఆ చుట్టుపక్కలే ఉంటా, మా ఆయన కూడా ఇక్కడివాడే. జాబ్ మాత్రం మానకు. ఏ1 పాసవ్వు, వీసా వచ్చేలోపు సాయంత్రం క్లాసులో ఏ2 చదువుకో, మిగతాది ఇక్కడ. ఇక్కడికొచ్చాక ఇంటెగ్రేషన్ కోర్స్ ఉంటుంది, భాషకి 600 గంటలు, వాళ్ల చరిత్ర, చట్టాలు, పద్ధతులకి ఇంకో 100 గంటలు. గంటంటే వాళ్ల లెక్కలో 45 నిమిషాలే. టార్గెట్ బీ1. చివర్లో 33 ప్రశ్నల టెస్ట్ ఉంటుంది, ప్రశ్నల బ్యాంక్ అంతా ముందే నెట్‌లో పెడతారు కాబట్టి దానికి భయపడక్కర్లేదు, మనం ఎంసెట్ రాసిన జనం. రెసిడెన్స్ కార్డ్‌కి వెళ్లినప్పుడే కోర్స్ సంగతి అడుగు.

అసలు సమస్య కోర్స్ కాదు, మీ ఆయన ఇంగ్లీష్. అది బాగున్నంత కాలం ఇంట్లో నీకు జర్మన్ రాదు, నా మాట రాసి పెట్టుకో. అలిసిపోయి వచ్చిన మనిషి నీ తప్పులు దిద్దుతూ కూర్చోడు, నీకూ మొగుడు టీచర్‌లా మాట్లాడితే చిరాకొస్తుంది. ఇంగ్లీష్ రానివాళ్లని పట్టుకోవాలి. మాకు కింద ఇంట్లో ఒక పెద్దావిడ ఉంటుంది. ఈ ఏరియాలో కేర్‌వోఖె అని ఒక ఆచారం, అపార్ట్‌మెంట్‌లో మెట్లు ఊడ్చి తుడిచే డ్యూటీ వారానికొక ఇంటివాళ్లది, ఎవరి వంతైతే వాళ్ల తలుపుకి చిన్న బోర్డు తగిలిస్తారు. నా వంతు వచ్చినప్పుడు ఆవిడ కిందకి తీసుకెళ్లి, మెట్ల మూల వేలితో తుడిచి, ఆ వేలు నాకు చూపించింది. మా అమ్మమ్మ కూడా అచ్చం అలాగే చూపించేది. చీపురు, బకెట్, తడిగుడ్డ, మూల, దుమ్ము, ఇవన్నీ జర్మన్‌లో నాకు ఆవిడ నేర్పినవే. ఇప్పుడు వారం వారం ఆవిడ దగ్గర కాఫీ, మొదట్లో ఆవిడే మాట్లాడేది, ఇప్పుడు నేను ఆపట్లేదు.

ఇంకో మాట, మీ అత్తగారు మాట్లాడేది క్లాసులో చెప్పే జర్మన్ కాదు, ష్వేబిష్ యాస. పుస్తకంలో "ఇష్" అంటే నేను. ఇక్కడ "ఇష్" అంటే ఉంది, నేను అనడానికి "ఈ" అంటారు. బీ1 తెచ్చుకుని వచ్చినా మొదటి నెల ఏమీ అర్థం కాదు, అది నీ తప్పు కాదు. కాల్‌లో మాత్రం ఈయన్ని పక్కకి జరగమని రోజుకి అయిదు నిమిషాలు ఆవిడతో నువ్వే మాట్లాడు, వంటింట్లోంచి మాట్లాడు, కూరగాయలు చూపించి పేర్లు అడుగు. అత్తగార్లకి తిండి గురించి మాట్లాడడం ఏ దేశంలోనైనా ఇష్టమే.

గ్రామర్‌లో మనకో లాభం ఉంది. "నేను రేపు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి" అంటే వాళ్లూ వెళ్లడాన్ని చివర్లోనే పెడతారు, ఇంగ్లీష్‌లోంచి తిప్పుకోకుండా తెలుగులోంచి ఆలోచిస్తే చాలా వాక్యాలు తేలిగ్గా కుదురుతాయి. ఇంగ్లీష్ "ద"కి వాళ్ల దగ్గర డెర్, డీ, డాస్ అని మూడున్నాయి, ఏ మాటకి ఏదన్నదానికి మాత్రం ఏ లాభం లేదు, బట్టీయే.

మీ అమ్మగారికి చెప్పు, మా ఇంట్లో గొడవ ఇంగ్లీష్‌లో మొదలై ఆయన జర్మన్‌లోకి, నేను తెలుగులోకి దిగిపోతాం. ఎవరేమన్నారో తెలియక తొందరగా అయిపోతుంది.

చౌరస్తా_చాయ్:
గింత పరేషాన్ ఎందుకు? నేను బెర్లిన్‌ల ఐటీల చేస్తున్న, ఆఫీసుల అంతా ఇంగ్లీషే, దుకాణంల కార్డ్ కొట్టి వస్తా. జర్మన్ లేకుంటే బతకలేమా ఏంది.

నెకార్_ఒడ్డున:
తమ్ముడూ, నువ్వున్నది బెర్లిన్, తను వెళ్లేది రాయిట్లింగెన్. ఈ వైపు యంత్రాలు తయారుచేసే చిన్న కంపెనీలే ఎక్కువ, టెస్టింగ్ జాబ్‌కి కూడా జర్మన్ వచ్చా అని అడుగుతారు. పైగా నువ్వెళ్లింది ఉద్యోగం కోసం, నచ్చకపోతే ఊరు మారతావు. తను వెళ్లేది ఒక ఇంట్లోకి. పండక్కి బల్ల చుట్టూ అందరూ కూర్చుని నవ్వుతుంటే ప్రతి జోక్‌కీ మొగుడి మొహం చూడాల్సి రావడం ఎట్లుంటదో నీకు తెలియదు.

చౌరస్తా_చాయ్:
గది నిజమే అక్కా. నేను ఒక్కన్నే ఉంటా కదా, గా ముచ్చట నా దిమాక్‌కి రాలే.

బెజవాడ_బబ్లీ:
అక్కా, థాంక్యూ సో మచ్. జాబ్ మానను, ఈవెనింగ్ బ్యాచ్‌కి వెళ్తా. నిన్న ఆవిడకి కాల్‌లో దొండకాయ చూపించా, ఎంత తిప్పి చూసినా అదేంటో ఆవిడకి తెలియలేదు, చిన్న దోసకాయ అనుకుని పచ్చిగా తింటారా అని అడిగారు అనుకుంటా 😄 పేపర్ల గురించి కూడా ఎవరైనా చెప్తారా?

డెర్_డీ_డాస్:
నా స్టూడెంట్స్ ద్వారా తెలిసింది చెప్తున్నా. స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద పెళ్లి నోటీస్ ఇచ్చే జిల్లాలో మీ ఇద్దరిలో ఒకరు అంతకుముందు కనీసం 30 రోజులు ఉండి ఉండాలి, మీరు ఎలాగూ ఉన్నారు కాబట్టి ఆయన కూడా అన్ని రోజులు ఉండక్కర్లేదు. నోటీస్ ఇచ్చాక ఇంకో 30 రోజులు ఆగాలి, పెళ్లికి ముగ్గురు సాక్షులు కావాలి, ఆయన లీవ్ దాన్నిబట్టి పెట్టుకోమనండి. మన అపోస్టిల్‌ని (సర్టిఫికెట్ అసలుదేనని విదేశాల కోసం ప్రభుత్వం వేసే ముద్ర) జర్మనీ ఒప్పుకోదు, ఏజెంట్ ఎవరైనా అపోస్టిల్ చేయిస్తానని డబ్బులడిగితే ఇవ్వకండి. పాస్‌పోర్ట్‌లో, పదో తరగతి మెమోలో, మ్యారేజ్ సర్టిఫికెట్‌లో మీ పేరు ఒకే స్పెల్లింగ్‌లో ఉందో లేదో ఈరోజే చూసుకోండి, ఇంటిపేరు ముందా వెనకా అన్నది కూడా.