ఐలీన్ గ్రే: లాకర్ తెర నుంచి స్టీల్ గొట్టం దాకా ఒకే చేయి ఎలా నడిచింది?

కిటికీరెక్క అడిగారు:

ఐర్లాండ్‌లో పుట్టి పారిస్‌లో పనిచేసిన డిజైనర్ ఐలీన్ గ్రే చేసిన 1914 నాటి ‘ల దెస్తాఁ’ మడత తెరనీ, 1926–29 మధ్య ఆవిడే కట్టిన ఈ-1027 ఇంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఇద్దరు మనుషుల పనిలా ఉంటాయి. ఒకటేమో ఎర్రటి లాకర్ (మెరిసే పూత), మనిషి బొమ్మలు, మహా దర్జా. రెండోదేమో తెల్లగోడలు, గొట్టాల సామాను. మధ్యలో తివాచీలు, మళ్ళీ పడవ ఆకారంలో ఒక పడక. “బహుముఖ ప్రజ్ఞ” అని ఒక్క మాటతో తేల్చేస్తుంటారు, దాంతో నాకు తృప్తి లేదు. వీటన్నిటినీ కలిపే దారం ఏమిటి? వస్తువుల్లోనే చూపించగలరా?

ఇంకో సందేహం. ఈ-1027 ఇంటి కోసం గ్రే చేసిన, ఎత్తు సర్దుకునే ఆ గుండ్రటి గాజు టేబుల్‌కి స్థానికంగా చేయించే నకళ్ళు చాలావరకు ఊగుతాయి. లోపం ఎక్కడ?

పూతపని:

ముందు ఒక మాట. లాకర్ అనగానే మనకి లక్క గుర్తొస్తుంది గానీ రెండూ వేరండి. లక్క పురుగు నుంచి వస్తుంది, స్పిరిట్‌లో కరుగుతుంది, స్పిరిట్ ఎగిరిపోగానే ఆరుతుంది. గ్రే వాడింది తూర్పు ఆసియాలో పెరిగే ఒక చెట్టు పాలు. అది ఎండలో పెడితే ఆరేది కాదు. గాలిలో తేమ ఉంటేనే అందులోని ఎంజైము పనిచేసి గట్టిపడుతుంది. 20–25 డిగ్రీల వేడి, 70–80 శాతం తేమ నిలిచే మూసిన అరలో పెట్టాలి. పొడిగాలిలో రోజుల తరబడి జిగట వదలదు. తేమ మరీ ఎక్కువైతే పైపొర ముందే బిగుసుకుని ముడతలు పడుతుంది, రంగు కూడా నల్లబడుతుంది. పూత మందంగా వేసినా ఇదే గొడవ. అందుకే పలచగా ఒక పూత, గట్టిపడ్డాక తడిపి సానబట్టడం, మళ్ళీ పూత. ఇరవై పూతలంటే ఈ పనిలో పెద్ద లెక్క కాదు. పచ్చి పాలు చర్మానికి తగిలితే దద్దుర్లు లేస్తాయి, గ్రే చేతులకీ ఆ బాధ తప్పలేదు. పైగా ఈ పాలది సహజంగానే గోధుమ రంగు, ఏ లేత రంగు కలిపినా మురికిపడుతుంది. అందులో నీలం రాబట్టిందంటే ఆవిడ ఎంత కుస్తీ పట్టిందో ఊహించుకోండి.

లండన్ సోహోలో డీన్ వీధిలోని ఒక మరమ్మతు దుకాణంలో మొదలుపెట్టి, తర్వాత పారిస్‌లో సుగవారా సీజో అనే జపాన్ పనివాడి దగ్గర ఏళ్ళ తరబడి నేర్చుకుంది. ఇందులో మొదటి పాఠం: పలకకి రెండు వైపులా సమంగా పూయాలి. ఒక్క వైపే పూస్తే రెండో వైపు తేమ పీల్చి పలక వంగిపోతుంది. అంటే తెరకి వీపు అంటూ ఉండదు, రెండూ ముఖాలే. ‘ల దెస్తాఁ’కి రెండో వైపు చూడండి, అక్కడ బొమ్మలే లేవు, పెద్ద పెద్ద వంపులు మాత్రమే. మీరు తర్వాతి కాలానిదనుకుంటున్న గ్రే అప్పటికే అక్కడుంది.

ఇక పారిస్‌లో ర్యూ ద లోతా ఫ్లాట్, 1919–22. నడవ గోడల నిండా చిన్న చిన్న లాకర్ పలకలు. కొంత దూరం పోయాక ఆ పలకలు గోడని వదిలి అడ్డంగా బయటికి తిరుగుతాయి, గోడే తెర అయిపోతుంది. ఆ తర్వాతి మెట్టు, గోడతో పనిలేకుండా విడిగా నిలబడే ఇటుక తెర: నిలువు ఊచలకు గుచ్చిన పలకలు, వాటిని ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. నన్నడిగితే మీ దారం ఇక్కడే దొరుకుతుంది. ఆవిడ చేతిలో ఏ గోడా కదలనని భీష్మించుకోదు. మీరన్న పడవ పడకా ఈ ఫ్లాట్‌దే, అందమైనదే, కానీ ఈ వరసలో దాని పాత్ర తక్కువ.

మూలమట్టం:

పూతపని గారు గోడల దాకా వచ్చి ఆగారు, నేను ఇంట్లోకి వెళ్తాను. ఫ్రాన్స్ దక్షిణ తీరంలో రోక్‌బ్రూన్-కాప్-మార్తాఁలో ఉంది ఈ ఇల్లు. పేరు ఒక లెక్క: ఈ అంటే ఐలీన్, 10, 2, 7 అంటే రోమన్ అక్షరాల వరసలో జె, బి, జి, అంటే ఆవిడ సహచరుడైన వాస్తుశిల్పి జాఁ బదోవిచి, చివర గ్రే. అక్కడ చూడాల్సింది గొట్టాల మెరుపు కాదు, చప్పుడు. భోజనం బల్ల మీద కార్క్ పరిచింది, పళ్ళేలు గలగలమనకుండా. అద్దానికి ఒక చేయి మీద ఇంకో చిన్న అద్దం, మెడ వెనక భాగం కనిపించేలా. గోడ మీద అచ్చుతో రాసిన మాటలు: గుమ్మం దగ్గర “మెల్లగా రండి”, అరల మీద “దిళ్ళు”, “టోపీలు”. ఒక కుర్చీకి ఒకే చేయి, రెండో పక్క ఖాళీ, కూర్చున్నవాళ్ళు అటు తిరిగి ఒరగడానికి.

లాకర్ పూసేవాడికి మిల్లీమీటరులో పదో వంతు కూడా లెక్కే. ఆ అలవాటే ఇక్కడ మనిషి శరీరం మీదికి మళ్ళింది. పదార్థం మారింది, చూపు మారలేదు.

అన్నిటినీ ఒకే మెట్టు మీద పెట్టకూడదు లెండి. తివాచీల్లో ఆవిడతో కలిసి పనిచేసిన ఎవ్లిన్ వైల్డ్ చేయి కూడా ఉంది, అల్లకం బాధ్యత ఆవిడది, గ్రేది నమూనా. నా లెక్కలో గ్రే అసలు శిఖరం ఈ-1027 కూడా కాదు, 1930ల్లో కాస్తెలార్‌లో తన కోసం కట్టుకున్న ‘తాంప్ ఆ పాయా’. అక్కడ ఒకే స్టూలు నిచ్చెనగానూ పనికొస్తుంది.

కిటికీరెక్క:

అద్దం సంగతి నాకు తట్టనే లేదు. ఈ-1027 ప్రసిద్ధ వాస్తుశిల్పి లె కార్బూసియేది అని కొన్నిచోట్ల చదివాను, అది ఎలా పుట్టింది?

అటక:

1938–39లో అతను ఆ ఇంటి గోడల మీద బొమ్మలు వేశాడు. గ్రే దాన్ని ఇంటిని పాడుచేయడంగానే చూసింది. బొమ్మలు అతనివి కాబట్టి ఇల్లూ అతనిదే అనుకున్నవాళ్ళు చాలామంది, ఆవిడ పేరు దశాబ్దాల పాటు మరుగున పడింది. 1972లో ‘ల దెస్తాఁ’ పారిస్‌లో వేలానికి వచ్చాక మళ్ళీ పెద్ద కదలిక వచ్చింది. గ్రే 1976లో, 98 ఏళ్ళ వయసులో పోయింది. 2009లో ఆవిడ డ్రాగన్ల కుర్చీ దాదాపు 2 కోట్ల 19 లక్షల యూరోలకు అమ్ముడుపోయింది. ధర చూసి నోరెళ్ళబెట్టేవాళ్ళకి ఒక మాట, అది కూడా లాకర్ రోజుల వస్తువే.

మూలమట్టం:

ఇక టేబుల్ ఊగడం గురించి. నిలువు గొట్టం ఒక పక్కనే ఉంటుంది, బల్ల గాల్లోకి చాచి ఉంటుంది. కాబట్టి లోపలి గొట్టం బయటి గొట్టంలో ఎంత పొడవు దిగి ఉందన్నదే ప్రాణం. రెండిటి మధ్య అర మిల్లీమీటరు సందు ఉందనుకోండి. 150 మిల్లీమీటర్లు లోపల ఉంటే, 50 సెంటీమీటర్ల బల్ల అవతలి అంచు 1.7 మిల్లీమీటర్లు వాలుతుంది. 50 మిల్లీమీటర్లే ఉంటే 5 మిల్లీమీటర్లు, కప్పులో టీ ఒలకడానికి అది చాలు. నకళ్ళు చేసేవాళ్ళు ఎత్తు ఎక్కువ రావాలని లోపలి గొట్టాన్ని చివరిదాకా లాగి అక్కడో కన్నం వేస్తారు, తప్పు అదే. పై కన్నం దగ్గర కూడా కనీసం 150 మిల్లీమీటర్లు లోపల మిగలాలి. బయటి గొట్టం మూతి దగ్గర నైలాన్ బుష్ (సందు పూడ్చే చిన్న గొట్టపు తొడుగు) పెట్టిస్తే ఇంకా మేలు.

కన్నాలన్నీ వేశాకే క్రోమ్ పూత వేయించండి. పూత అయ్యాక డ్రిల్ చేస్తే కన్నాల అంచుల నుంచే తుప్పు మొదలవుతుంది. పైన పెట్టే గాజు టఫెన్డ్‌దే (వేడిచేసి గట్టిపరిచినదే) కావాలి. 50 సెంటీమీటర్ల వ్యాసానికి 6 మిల్లీమీటర్ల గాజు దాదాపు 3 కిలోలు, 10 మిల్లీమీటర్లదైతే 5 కిలోలు దగ్గర. దృఢంగా ఉంటుందని మందం పెంచితే చాచిన బరువు పెరిగి ఊపు ఎక్కువవుతుంది.

కిటికీరెక్క:

కింది వలయంలో ఒక పక్క తెరిచి ఉంటుంది కదా. పూర్తిగా మూసేస్తే గట్టిగా ఉండదా?

మూలమట్టం:

మూసేయకండి. ఆ ఖాళీ లోంచే మంచం కోడు వలయం లోపలికి వస్తుంది. పడుకున్నవాళ్ళ ఒడి మీదికి బల్ల రావడానికే కదా ఈ టేబుల్ పుట్టింది. వలయం బల్ల కింద దాకా వ్యాపించి ఉంటుంది కాబట్టి తలకిందులయ్యే భయం లేదు. ఇంకొకటి, గొట్టం 25 మిల్లీమీటర్లదైతే మంచం కింద కనీసం 4 సెంటీమీటర్ల సందు కావాలి. చేయించే ముందు అది కొలవండి. నేలకి ఆని ఉండే పెట్టె మంచం అయితే ఈ టేబుల్ దాని దగ్గరికే రాదు.