టైటిలింగ్ చట్టం రద్దయింది కదా, మరి మా పాస్‌బుక్ సంగతేంటి?

ప్రశ్న (బంగారుపాళ్యం మండలం): నాయన పేరు మీద 1.60 ఎకరాల మామిడి తోట ఉంది. రీసర్వే అయ్యాక మాజీ ముఖ్యమంత్రి ఫోటోతో పాస్‌బుక్ ఇచ్చారు. చూస్తే అందులో 1.52 ఎకరాలే ఉంది, పాత సర్వే నంబరు పోయి ఎల్‌పీఎం నంబరు (రీసర్వేలో ప్రతి భూమి ముక్కకు ఇచ్చే కొత్త నంబరు) వచ్చింది. 2024లో వచ్చిన ప్రభుత్వం టైటిలింగ్ చట్టాన్నే తీసేసింది కాబట్టి రీసర్వే కూడా పోయినట్టే, పాత లెక్కే వస్తుందిలే అంటున్నారు ఊళ్లో. ఊరకే ఉండొచ్చా? చెల్లెలి పెళ్లికి కొంత అమ్మాలి, అందుకే టెన్షన్.

జవాబు (చిత్తూరు): ఊరకే ఉండొద్దన్నా. అవి రెండూ వేర్వేరు. రద్దయింది ల్యాండ్ టైటిలింగ్ చట్టం. భూమి ఎవరిదన్న గొడవ సివిల్ కోర్టుకు పోకుండా టైటిల్ ఆఫీసరు, అప్పీలు ఆఫీసరే తేల్చడం, ఆ పైన హైకోర్టు తప్ప వేరే దారి లేకపోవడం, జనం భయపడింది దానికే. 2024 జూన్ 13న ముఖ్యమంత్రిగా చంద్రబాబు గారు పెట్టిన మొదటి ఐదు సంతకాల్లో అదొకటి, జూలైలో అసెంబ్లీలో రద్దు బిల్లు పాసైంది. రీసర్వే జరిగింది మాత్రం 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం కింద. అది అలాగే ఉంది, కాబట్టి మీ 8 సెంట్లు వాటంతట అవే వెనక్కి రావు. గ్రామ సచివాలయంలో విస్తీర్ణం సవరణకు అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌కు పోండి, ఇదివరకు స్పందన అన్న అర్జీల కార్యక్రమాన్నే 2024 నుంచి ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటున్నారు. ఫోటో ఉందని పాస్‌బుక్ చెల్లకుండా పోదు.

ఇంకొకరు (తిరుపతి): ఎలక్షన్లప్పుడు ఒకరు భూములు లాక్కుంటారన్నారు, ఇంకొకరు అంతా బ్రహ్మాండం అన్నారు, ఈ సెంట్ల తేడా గురించి మాత్రం రెండు పక్కలా ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. మా అత్తగారికైతే పక్క పొలం వాళ్లతో కలిపి ఒకే ఎల్‌పీఎం ఇచ్చారు. మీదీ అలా జాయింట్‌గా ఉందేమో చూసుకోండి. భాగం అమ్మాలంటే ఎలాగూ ముందు సబ్ డివిజన్ చేయించుకోవాలి, లేదంటే కొనేవాడు అడ్వాన్స్ ఇచ్చి ఆగిపోతాడు.

చిత్తూరు: ఒకటి అడగడం మరిచాను. మొత్తం కొన్నదేనా, డీకేటీ (ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి) ఏమైనా ఉందా?

అడిగినాయన: ఎకరా కొన్నది, డాక్యుమెంట్ ఉంది. మిగతా 60 సెంట్లు మా తాతకు గవర్నమెంటు ఇచ్చిన డీకేటీ పట్టా. 20 ఏళ్లు దాటితే అమ్ముకోవచ్చని పాత ప్రభుత్వం చెప్పింది కదా?

చిత్తూరు: చెప్పారు, 1977 అసైన్డ్ భూముల చట్టాన్ని 2023లో అలాగే సవరించారు. కానీ దాని కింద ఫ్రీహోల్డ్ చేసిన (అమ్ముకునే హక్కు ఇచ్చిన) భూముల్లో చాలా అక్రమాలు జరిగాయని కొత్త ప్రభుత్వం 2024లో ఆ రిజిస్ట్రేషన్లు ఆపేసింది. పెళ్లి ఖర్చుకు ఆ 60 సెంట్లను నమ్ముకోవద్దు, ఎవరైనా అగ్రిమెంటు రాసిస్తే చాలు అన్నా రాయొద్దు. కొన్న ఎకరాలోనే అమ్మండి. దానికి ఈసీ (ఆ భూమి మీద జరిగిన లావాదేవీలు, అప్పులు చూపే కాగితం) తీయండి, మీ భూమి నంబరు 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, ఉందో లేదో రిజిస్ట్రేషన్ సైట్‌లో చూడండి. కొన్న భూమి కూడా పొరపాటున అందులో పడుతోంది, డీకేటీ పక్కనే ఉంటే మరీను. మీభూమి వెబ్‌సైట్‌లో 1బి (యజమాని వివరాలు), అడంగల్ (సాగు వివరాలు) ప్రింట్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో ఫైళ్లు ఎలా కాలిపోయాయో చూశాం కదా, మన కాగితం మన దగ్గర ఉండాలి. తాత పట్టా ఒరిజినల్ ఉందా?

అడిగినాయన: ఉంది, బాగా నలిగిపోయింది. జిరాక్స్ తీసి పెడతా. సోమవారం కలెక్టరేట్‌కు నాయన్ను కూడా తీసుకుపోవాలా?

తిరుపతి: తీసుకుపో తమ్ముడూ, పట్టాదారు ఆయనే కదా, సంతకం ఆయనదే కావాలి. ఆధార్ మరిచిపోవద్దు.

అడిగినాయన: సరే అక్కా. ఇంకొక్కటి. గట్టు మీద మాజీ ముఖ్యమంత్రి పేరున్న సర్వే రాళ్లు పాతారు. ఎలాగూ తీసేస్తారంట కదా, మా వాళ్లు పీకేస్తామంటున్నారు.

చిత్తూరు: వద్దు! పేరు ఎవరిదైనా అది హద్దు రాయి, పీకితే కేసు అవుతుంది. పైగా 8 సెంట్లు తగ్గాయని మీరే అర్జీ పెడుతున్నారు, సర్వేయర్ వచ్చేసరికి రాయి లేకపోతే పక్క తోట ఆయన ఊరుకుంటాడా?