నేటి సమస్య: విడిచిపోయి కూడ విడువలేదు

నిర్వాహకుడు:
ఛందస్సు ఆటవెలది. ఇచ్చింది నాలుగో పాదం, అంటే అయిదూ సూర్యగణాలే. యతి వి–వి. విషయం అమైనో ఆమ్లాలు, వాటి గొలుసులైన మాంసకృత్తులు (ప్రోటీన్లు). పెప్టైడు, యూరియా వంటి మాటలు వాడుకోవచ్చు. ఏది విడిచింది, దేన్ని విడువలేదు అన్నది పద్యంలోనే తేలాలి. రసాయనం తప్పితే ఛందస్సు ఎంత బాగున్నా పూరణ నిలవదు.

స్వర్ణముఖి:

గ్రుడ్డునుడకబెట్ట గుజ్జు గట్టిగ మారె
మడత విప్పుకొనియె మాంసకృత్తు
పేర్చినట్టి వరుస పెప్టైడు బంధమున్
విడిచిపోయి కూడ విడువలేదు

నిర్వాహకుడు:
గణాలు, యతులు అన్నీ కుదిరాయి. మొదటి "విడిచి"ని ముడి వీడినట్టు, రెండో "విడువ"ను పట్టు వదలనట్టు వాడడం చాలా బాగుంది. ఇబ్బంది ఒక్క అన్వయంలోనే. "బంధమున్" అన్న వెంటనే "విడిచిపోయి" వస్తోంది. చదివేవారు గొలుసులో అమైనో ఆమ్లాలను కలిపే పెప్టైడు బంధమే తెగిందనుకుంటారు. ఈ పద్యంలో జరగకూడని పొరపాటు అదే.

ఎందుకంటే నీళ్ళ మరుగుకు ఆ బంధం తెగదు. తెంచాలంటే ప్రయోగశాలలో 6 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి, గాలి తీసేసి మూతి కరిగించి మూసిన గాజు గొట్టంలో 110 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచుతారు. గుడ్డు ఉడికేది పది నిమిషాలు. ఆ వేడికి ఊడేవి హైడ్రోజన్ బంధాల వంటి బలహీనమైన పట్లు మాత్రమే.

కపిలతీర్థం:
"గట్టిగ మారె" ఎందుకో కూడా చెప్పుకోవాలి. మడత విప్పుకుంటే మెత్తబడాలి కదా అని కొందరికి అనుమానం రావచ్చు. తెల్లసొనలో ఎక్కువగా ఉండేది ఓవాల్బుమిన్. 385 అమైనో ఆమ్లాల గొలుసు. నీళ్ళంటే గిట్టని ల్యూసిన్, వాలిన్ వంటి అమైనో ఆమ్లాలు మడతల లోపల దాక్కుని ఉంటాయి. మడత విప్పుకోగానే అవి బయటపడి, పక్క గొలుసులో తమలాంటి వాటినే అంటుకుంటాయి. పైగా అందులో జత కట్టని సిస్టీన్లు (గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు) నాలుగున్నాయి. అవి గొలుసుకూ గొలుసుకూ మధ్య గంధకపు ముడులు వేస్తాయి. నీళ్ళు ఆ వలలో చిక్కుకుంటాయి. వల వెలుతురును చెదరగొట్టబట్టే సొన తెల్లబడేది.

ఇంకో మాట. విప్పుకునేటప్పుడు గొలుసులో ప్రతి బంధమూ తిరగదు. పెప్టైడు బంధానికి సగం జంట బంధం లక్షణం ఉంది. అందుకే దాని పొడవు 1.33 ఆంగ్‌స్ట్రాములే, అది బల్లపరుపుగా ఉండిపోతుంది. తిరిగేవి దానికి అటూ ఇటూ ఉన్న ఫై, సై అనే రెండు బంధాలు. ఆ రెండు కోణాల్లో ఏవి కుదురుతాయో, ఎక్కడ పరమాణువులు ఒకదానికొకటి తగులుకుంటాయో 1963లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి. ఎన్. రామచంద్రన్ బృందం పటం గీసి చూపింది.

స్వర్ణముఖి:
అన్వయ దోషం నిజమేనండీ. మూడో పాదం మార్చాను:

వంకలన్ని యూడె వరుసైన గొలుసేమొ

నిర్వాహకుడు:
ఇప్పుడు గొలుసే కర్త అయింది. వం–వ యతి, 4, 5 గణాలు రెండూ సలములు. స్వీకరించాం.

అలిపిరి మెట్టు:

ఒక్క కొసను వదలి యుదజని కణమేగి
అమిను కొసన జేరి యమరుకొనియె
ధనఋణములు రెండు తనయందె నిలువగా
విడిచిపోయి కూడ విడువలేదు

నిర్వాహకుడు:
ఊహ నాకు ఎంతో నచ్చింది. అమైనో ఆమ్లంలో ఒక కొస కార్బాక్సిల్, రెండోది అమిను. కార్బాక్సిల్ కొస వదిలేసిన ప్రోటాను (ఉదజని, అంటే హైడ్రోజన్ కణం) ఊరు దాటి పోలేదు, అదే అణువులో అమిను కొసకు చేరింది. "విడిచిపోయి కూడ విడువలేదు" అన్న మాటకు ఇంతకంటే సూటి అర్థం దొరకదు. గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం చిన్న అణువే అయినా 230 డిగ్రీలు దాటేదాకా చెక్కుచెదరదు, ఈథర్‌లో కరగదు, నీళ్ళలో సులువుగా కరుగుతుంది. ఉప్పులా ప్రవర్తించడానికి కారణం ఈ రెండు ఆవేశాలే.

దోషం మూడో పాదంలో. ధన + ఋణ సమాసం కనుక గుణసంధి తప్పదు, "ధనర్ణములు" అవుతుంది. అప్పుడు గణం చెడుతుంది. ఇలా సరిచేయవచ్చు:

చెరొక కొసను రెండు చిహ్నముల్ నిలువగా

కపిలతీర్థం:
ఈ పూరణకు ఒక హద్దుంది. గ్లైసిన్ కార్బాక్సిల్ పీకే (సగం అణువులు ప్రోటానును వదిలేసే పీహెచ్) 2.34, అమినుది 9.60. పీహెచ్ 2.34 కంటే బాగా తగ్గితే వదిలిన చోటికి మరో ప్రోటాను వచ్చి చేరుతుంది. 9.60 దాటితే అమిను కూడా తన ప్రోటానును పోగొట్టుకుంటుంది, అప్పుడు నిజంగానే విడిచినట్టు. రెంటికీ సగటు 5.97. అక్కడ మొత్తం ఆవేశం సున్నా, విద్యుత్ క్షేత్రంలో పెట్టినా ఎటూ కదలదు. పద్యం నిలిచేది ఆ నడిమి ప్రాంతంలో.

కాణిపాకం బాట:

గంధకముల జంట కట్టు వీడిన వేళ
కురులు వంపు దిరిగి కొత్తగాను
గాలి తగలగానే కలసెను జతగాను
విడిచిపోయి కూడ విడువలేదు

నిర్వాహకుడు:
తలనీలాల కొండ కింద ఉన్నవాళ్ళకు జుట్టులోని మాంసకృత్తు కెరటిన్ గుర్తుకు రావడం సహజం. మూడో పాదంలో మూడో గణం చూడండి: "గానే" రెండు గురువులు. సూర్యగణం న (మూడు లఘువులు) గానీ హ (గురువు, లఘువు) గానీ కావాలి. "గాను" రెండు పాదాల చివరా రావడమూ బాగాలేదు.

కపిలతీర్థం:
రసాయనం కూడా కొంచెం జారింది. జుట్టును శాశ్వతంగా ఉంగరాలు తిప్పేటప్పుడు పీహెచ్ 9 ప్రాంతంలో థయోగ్లైకోలేటు అనే మందు రాస్తారు. సిస్టీన్ల మధ్య గంధకపు ముడి ఊడి, రెండు వైపులా హైడ్రోజన్ చేరుతుంది. గొట్టానికి చుట్టిన వంపులో గొలుసులు ఒకదాని మీద ఒకటి జరుగుతాయి. కడిగాక హైడ్రోజన్ పెరాక్సైడుతో ముడి మళ్ళీ వేస్తారు. గాలి కూడా ఆ పని చేస్తుంది గానీ చాలా నెమ్మది, దాన్ని నమ్ముకుంటే వంపు నిలవదు. వేడి ఇస్త్రీతో చేసిన వంపు వేరు. అది హైడ్రోజన్ బంధాలను మాత్రమే కదిలిస్తుంది, తలస్నానంతో పోతుంది.

మందు ఎక్కువసేపు ఉంచితే ముడులు మరీ ఎక్కువ ఊడి వెంట్రుక పెళుసవుతుంది. అదే రకం మందు పీహెచ్ 12 దగ్గర రోమాలు తీసే పూత. అక్కడ వెంట్రుక వంగదు, మెత్తబడి ఊడివస్తుంది.

కాణిపాకం బాట:
రెండు తప్పులూ ఒప్పుకుంటున్నానన్నా. మార్చాను:

మరల జతలు గట్టి మలుపులో నిలిచెను

నిర్వాహకుడు:
బాగుంది, గణాలు కుదిరాయి. పాలు విరగడం మీద వచ్చిన పూరణను మాత్రం తీసుకోలేదు. మజ్జిగ చుక్క పడితే పాలలోని మాంసకృత్తు కేసిన్ మడత విప్పుకుంటుందని అందులో ఉంది. పీహెచ్ 4.6కు దిగేసరికి కేసిన్ కణాల మీది రుణావేశం పోతుంది, ఒకదాన్నొకటి తోసుకోలేక ముద్దకడతాయి. ఉడికిన గుడ్డు కథ వేరు, విరిగిన పాల కథ వేరు.

శేషాద్రి నీడ:

యూరియాను దీయ నూడిన గొలుసదే
తనకు తానె మడత తలచుకొనియె
నూటయైదు జతల నూహింప నొక్కటే
విడిచిపోయి కూడ విడువలేదు

కపిలతీర్థం:
నూటయైదు లెక్క సరైనదే. ఇది రైబోన్యూక్లియేజ్ అనే ఎంజైము మీద చేసిన ప్రయోగం. రైబోన్యూక్లియేజ్‌లో 124 అమైనో ఆమ్లాలు, అందులో ఎనిమిది సిస్టీన్లు. మొదటిదానికి తోడు దొరికే దారులు ఏడు, మిగిలినవాటిలో ఇంకోదానికి అయిదు, తర్వాత మూడు, చివరికి ఒకటి. 7×5×3×1 = 105. ఆన్ఫిన్సన్ అనే శాస్త్రవేత్త దాన్ని 8 మోలార్ యూరియాలో మడత విప్పి, మెర్కాప్టోఇథనాల్‌తో నాలుగు ముడులూ ఊడదీసి, ఆ రెంటినీ తొలగించి గాలి తగలనిచ్చాడు. అసలు నాలుగు ముడులే మళ్ళీ పడ్డాయి, ఎంజైము పని మొదలుపెట్టింది. 1972 నోబెల్ ఈ పనికే. అయితే యూరియా ఉండగానే ముడులు పడనిస్తే జతలు ఇష్టమొచ్చినట్టు కుదిరి, దాదాపు నూటికి ఒక వంతు శక్తే మిగులుతుంది. "యూరియాను దీయ" అని మొదట పెట్టడం అందుకే సరైన క్రమం.

నిర్వాహకుడు:
యూ–నూ దగ్గర "దీయన్ + ఊడిన" అని విడదీస్తే స్వరయతి చెల్లుతుంది. "నొక్కటే" దగ్గర జత అన్న మాట మళ్ళీ చెప్పకుండానే అర్థం అందింది. ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. నేటి ఉత్తమ పూరణ ఇదే.