నాన్నగారి పెగ్ ట్యూబులో రాగిజావ అడ్డుపడుతోంది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 71 ఏళ్లు. పక్షవాతం వచ్చాక మింగలేకపోతున్నారు, మంచినీళ్లకే పొలమారేది. నెలపాటు ముక్కు గొట్టం పెడితే రెండుసార్లు పీకేసుకున్నారు. మూడు వారాల కిందట ఎండోస్కోపీ చేసి పొట్టకు పెగ్ ట్యూబ్, అంటే తిండి నేరుగా కడుపులోకి పోసే గొట్టం వేశారు. డిశ్చార్జి రోజు నర్సమ్మ ఐదు నిమిషాల్లో గబగబా చూపించేసింది, అంతే.

మంచం తలవైపు ఎత్తి, 50 ఎంఎల్ సిరంజిని గరాటులా పట్టుకుని నెమ్మదిగా పోస్తున్నాం. ముందూ వెనకా 30 ఎంఎల్ నీళ్లు. తర్వాత గంటసేపు పడుకోనివ్వం.

చిక్కల్లా రాగిజావతోనే. పల్చటి బట్టలో వడకట్టినా చల్లారేసరికి చిక్కబడి ట్యూబులో నిలిచిపోతోంది. నిన్న రాత్రి గోరువెచ్చని నీళ్లు పోసి సిరంజితో మెల్లగా ముందుకీ వెనక్కీ ఆడిస్తే అరగంటకి వదిలింది. నా చేతులు వణికాయి. డబ్బా పొడి వద్దు, ఇంటి తిండే బలం అంటుంది అమ్మ. జావ, పప్పుకట్టు ఇస్తున్నవాళ్లు ఎంత పల్చగా చేస్తున్నారు? రోజుకు ఎన్నిసార్లు? మాత్రల్లో కొన్ని నూరకూడదట, మీకు సిరప్‌గా మార్చి ఇచ్చారా?

ఇంకోటి, ట్యూబ్ చుట్టూ ఎర్రటి కండ కొంచెం పెరిగి తడిగా ఉంటోంది. చీము, జ్వరం లేవు. సోమవారం డాక్టరుగారికి చూపిస్తాం, అయినా ఇలా ఎవరికైనా అయిందా?

అసలు టెన్షన్ ట్యూబ్ ఊడిపోతుందేమోనని. ఊడితే మీరే దూర్చొద్దు, వెంటనే తీసుకురండి, రంధ్రం గంటల్లోనే పూడుకుపోతుంది అన్నారు. ఆసుపత్రి మాకు రెండు గంటల దూరం. ఇలా దూరంగా ఉన్నవాళ్లు ముందే ఏం ఏర్పాట్లు చేసుకున్నారు?