ముక్తినాథ్ దర్శనం, పోఖరాలో పారాగ్లైడింగ్: ఆరు రోజుల్లో రెండూ కుదురుతాయా?

ప్రశ్న – తులసికోట

నవంబరు రెండో వారంలో అమ్మతో నేపాల్ వెళ్తున్నాను. అమ్మకు 62 ఏళ్లు. ముక్తినాథుణ్ణి చూడాలని ఎన్నో ఏళ్లుగా అంటోంది. నాకేమో పోఖరాలో పారాగ్లైడింగ్ చేయాలని ఉంది. మొదటి రోజు కాఠ్మాండూ, రెండో రోజు పోఖరా, మూడో రోజు పొద్దున్నే ముక్తినాథ్‌కు దగ్గరి విమానాశ్రయం ఉన్న జోమ్‌సోమ్‌కు విమానం, అదే రోజు దర్శనం, నాలుగో రోజు వెనక్కి. ఐదో రోజు పారాగ్లైడింగ్, ఆరో రోజు ఇంటికి. నేను గాలిలో ఉన్నంతసేపూ అమ్మ కింద ఒక్కతే ఉండాలి, అదొకటి మనసులో పీకుతోంది. వెళ్లివచ్చినవారు చెప్పండి.

జవాబు – గండకి గట్టు

నేనూ మా నాన్నగారితో నవంబరులోనే వెళ్లానండి. నెల బాగా ఎంచుకున్నారు. వానలు తగ్గిపోయి కొండలు స్పష్టంగా కనిపించే కాలం అది. కానీ మీ ఆరు రోజుల్లో ఒక్క ఖాళీ రోజు కూడా లేదు. దయచేసి అలా వెళ్లకండి.

జోమ్‌సోమ్ విమానాలు ఉదయం పూటే నడుస్తాయి. అన్నపూర్ణకూ ధవళగిరికీ మధ్య కాలీ గండకీ లోయలోకి పొద్దెక్కేకొద్దీ గాలి విపరీతంగా తోసుకొస్తుంది. మబ్బు పట్టినా అంతే, విమానాలు ఎగరవు. మేము తెల్లవారకముందే విమానాశ్రయానికి వెళ్లి కూర్చున్నాం. నాన్నగారు స్వామికని తెచ్చిన తులసిమాలను తడిగుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నారు. గంటకోసారి గుడ్డ విప్పడం, సీసాలోని నీళ్లు నాలుగు చుక్కలు చిలకరించడం, మళ్లీ చుట్టడం. పదిన్నరకు విమానం రద్దయిందన్నారు. ఆయన ఒక్క మాట అనలేదు, మాల మీద ఇంకో నాలుగు చుక్కలు చల్లారు. మర్నాడు జీపులో బయలుదేరితే రోజంతా పట్టింది. మాకు చేతిలో రెండు రోజులు ఉన్నాయి కాబట్టి దర్శనమైంది. లేకపోతే ఆ మాలను పోఖరాలోని ఫేవా చెరువులో వదిలి తిరిగి రావలసి వచ్చేది.

ఇంకో సంగతి ఎత్తు. పోఖరా 800 మీటర్ల పైచిలుకు, ముక్తినాథ్ దాదాపు 3,700. పొద్దున ఇక్కడా మధ్యాహ్నం అక్కడా అంటే పెద్దవాళ్లకు కష్టం. దాదాపు 2,700 మీటర్ల ఎత్తున్న జోమ్‌సోమ్‌లో ఒక రాత్రి ఉండి వెళ్లండి. గుడి కింద ఉన్న ఊరు రాణీపౌవాలో జీపు దిగాక గుడికి ఎక్కాలి, గుర్రాలు దొరుకుతాయి. గుడి వెనక 108 ధారల నీళ్లు మంచులా ఉంటాయి. అమ్మగారు స్నానం చేస్తానంటే పొడిబట్టలు, తువ్వాలు మీ చేతిలో సిద్ధంగా ఉండాలి.

పారాగ్లైడింగ్ చివరికి ఉంచుకోవడమే మంచిది. సారంగ్‌కోట్ వైపు కొండల మీద నుంచి పైలట్ మిమ్మల్ని తనకు కట్టుకుని, పారాచూట్ లాంటి గుడ్డ రెక్కతో గాలిలోకి లేస్తాడు. మీరు చేయాల్సింది ఒక్కటే, ఆయన ఆపమనేదాకా వాలులో పరుగెత్తడం. మధ్యలో కూర్చోకూడదు. నా కాళ్లు నేలను వదిలాక కూడా రెండు మూడు అడుగులు గాలిలోనే పరుగెత్తాను. ఆ తర్వాత గాలి చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. కింద మెట్లు మెట్లుగా పొలాలు, పచ్చటి చెరువు, దాని మధ్య లంకలో తాల్ బారాహీ అమ్మవారి గుడి. ఉత్తరాన 6,993 మీటర్ల మచ్ఛపుచ్ఛ్రే. శివుడి కొండ అని దాన్ని ఎక్కనివ్వరు. ఆ శిఖరాన్ని అలా వదిలేశారన్న సంగతి తెలిసి చూస్తుంటే నాకు కళ్లు చెమర్చాయి.

అమ్మగారి గురించి బెంగ వద్దు. దిగేది చెరువు ఒడ్డునే. నాన్నగారు ఆ పూట పడవలో బారాహీ గుడికి వెళ్లివచ్చి గట్టు మీద కూర్చున్నారు.

జవాబు – ఉత్తరపు కిటికీ

గుర్తింపు పత్రం చూసుకోండి. విమానంలో వెళ్లే మన దేశస్థులకు పాస్‌పోర్టు గానీ ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు గానీ ఉండాలి. ఆధార్ వెసులుబాటు 65 దాటినవారికి, 15 లోపు పిల్లలకు మాత్రమే, అమ్మగారికి వర్తించదు. మన రూపాయికి 1.60 నేపాలీ రూపాయలు. అక్కడి గడియారం మనకన్నా 15 నిమిషాలు ముందు, పొద్దుటి విమానానికి ఇది మరిచిపోకండి. కాఠ్మాండూ నుంచి పోఖరా వెళ్లేటప్పుడు కుడివైపు సీటు అడగండి, హిమాలయాలు అటే.

జవాబు – రెండో సీటు

అన్నీ అడిగారు గానీ, అమ్మగారిని అడిగారా, తనకూ ఎగరాలని ఉందేమోనని? మా అత్తయ్య 60 దాటాక ఎగిరారు. మోకాళ్లు, రక్తపోటు సంగతి ముందుగా డాక్టరుకు చూపించుకున్నారు.

తులసికోట

అందరికీ కృతజ్ఞతలు. టికెట్లు మార్చి ఎనిమిది రోజులు చేశాను. రాత్రి అన్నం తినేటప్పుడు అమ్మను అడిగాను. ముందు స్వామి దర్శనం కానీ అంది. చేయి కడుక్కుని వచ్చాక, చీరతో ఎక్కనిస్తారా అని అడిగింది.

గండకి గట్టు

చీర కుదరదండి. సల్వారు, కాలికి గట్టిగా పట్టే బూట్లు. బూట్లు ఇప్పుడే కొని, రోజూ కాసేపు వేసుకుని నడవమనండి.